ముప్పై ఏళ్ల మొద్దు శిష్యురాలు

నన్నందరూ మామ్మ అంటారు. డెబ్బై తొమ్మిదేళ్లు. ఇంట్లో నేనూ, టీచర్లకు శిక్షణ ఇచ్చే నా కోడలూ ఉంటాం. ముప్పై ఏళ్లుగా ఆమె శిష్యులంతా మా వంటింట్లో నాకు అక్షరాలు చెబుతూనే పాఠం చెప్పడం నేర్చుకున్నారు.

"ఈవిడకి ఇన్నేళ్లయినా అక్షరం ముక్క రాలేదు, ఇక ఎవర్నీ పంపొద్దు" అని వాళ్ల ట్రైనింగు కాలేజీ కొత్త ప్రిన్సిపాలు అన్నారట. నేను ఒప్పుకోను. నా కోడలు గొప్ప పంతులమ్మ. ఆమె శిష్యుల్ని నా దగ్గరికి పంపాల్సిందే.

ప్రిన్సిపాలుకి అర్జీ ఇలా చెప్పి రాయించి, కోడలు రాసిన కాగితం లాక్కుని చూశాను.

"'గొప్ప పంతులమ్మ' అన్నది ఎగ్గొట్టావేం?"

"అత్తయ్యా, మీకు చదవడం వచ్చా?"

"నీ శిష్యులు నేర్పిన మొదటి ఏడాదే వచ్చింది. ఆ సంగతి చెప్పేస్తే నీ పిల్లలు ఓపిక ఎవరి దగ్గర నేర్చుకుంటారు? ఇది మాత్రం రాయకు."

ఇట్లు, మామ్మ వేలిముద్ర.

సాక్షులు: నోరు తెరిచిన కోడలు, సాక్షి సంతకానికి వచ్చి ఏమీ విననట్టున్న పక్కింటి దర్జీ.