ఆరు పడితేనే

"నీ వేటగాడికి దయ్యం పట్టింది. వాడి కాగితం ఇటివ్వు" అంది అక్క.

ఒక్కొక్కరూ కాగితం మీద రాసుకున్న ఒక పాత్రగా మారి, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. దాన్ని నడిపేది ఆమే. దయ్యం పట్టిన పాత్ర తరఫున ఇక ఆమే మాట్లాడుతుంది. ఆడేవాడికి వంతుకొకసారి పాచిక వేయడం మాత్రం మిగులుతుంది. ఆరు పడితేనే దయ్యం వదులుతుంది.

తమ్ముడు కాగితం ఇచ్చేశాడు. తాగుడు మాన్పించే ఆసుపత్రి నుంచి అతను మూడోసారి తిరిగొచ్చి పదిరోజులైంది.

మొదట రెండు పడింది. తర్వాత మూడు, ఆ తర్వాత ఒకటి. ఈలోగా అక్క ఆడించిన వేటగాడు, బావ ఆడే వైద్యుడి మీద బాణం వేశాడు.

"మనసు గట్టి చేసుకుని వెయ్యరా, అదే పడుతుంది" అన్నాడు బావ.

"గట్టిగానే వేస్తున్నా బావా. నీకు బాణం తగలడం చూస్తూనే ఉన్నా. చెయ్యే నా మాట వినడం లేదు."

బావ నవ్వాడు. అక్కకు నవ్వు రాలేదు. బావ చెప్పిన సలహానే ఆమె ఏడేళ్లుగా ఇస్తోంది. వీడు ప్రయత్నించడం లేదనే ఇన్నాళ్లూ అనుకుంది.

నాలుగోసారి మళ్లీ రెండు. అక్క పాచికను వేలితో ఆరుకు తిప్పి, కాగితం అతని ముందుకు చాపింది.

"దయ్యం పోయిందిలేరా. నీ వేటగాడు నీకొచ్చేశాడు."

తమ్ముడు ముందుకు వంగి పాచికను మళ్లీ రెండుకు తిప్పాడు. "నువ్వు తిప్పితే వదలదక్కా."

అంత దగ్గరికొచ్చేసరికి సారా వాసన గుప్పుమంది.

అక్క చాపిన కాగితాన్ని వెనక్కి తీసుకుని తన దగ్గరే పెట్టుకుంది.

బావ వంతు అయ్యాక, "మళ్లీ నీ వంతొచ్చింది, వెయ్యి" అంది.