తామర పూసిన ఆదివారం

"ఆయిల్ డబ్బావాడొచ్చాడు! గేటు వెయ్యండి!"

భవానీప్రసాద్ కేకకి పెరట్లో ఉన్న ఆడవాళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు.

సరిగ్గా ఆ నిమిషంలోనే తామరమొగ్గ విచ్చుకుంటోంది.

నందిగామలో ప్రసూనాంబ టీచర్ పెరట్లో చిన్న నీటికుంట ఉంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. తొంభై ఆరులో తనే పలుగు పట్టి తవ్వుకుంది. తామర దుంప నాటింది. రెండేళ్ళు ఆకులే వచ్చాయి.

ఇవాళ మొదటి పువ్వు!

అందుకే స్నేహితులిద్దరూ జగ్గయ్యపేట నుంచి మొదటి బస్సుకే వచ్చి దిగారు. భవానీప్రసాద్ బ్యాంకు గుమస్తా. రాగసుధ కూడా టీచరే. నెలకో ఆదివారం ఎవరో ఒకరి తోటలో చేరడం, కొమ్మలూ దుంపలూ పంచుకోవడం, తినడం, నవ్వుకోవడం. ఇదీ వాళ్ళ పండగ. పంచుకోవడమంటే ఆ ముగ్గురూ పంచుకోవడమే. బయటివాళ్ళకి ఒక్క కొమ్మ ఇచ్చిన పాపాన పోలేదు.

కానీ గేటుకి పంచాయతీవాళ్ళ నోటీసు అంటించి ఉంది.

కుంటలో దోమలు పెరుగుతున్నాయని ఫిర్యాదు వచ్చిందట. ఆదివారంలోగా దోమలు లేకుండా చెయ్యకపోతే ఆయిల్ పోసి, కుంట పూడ్చేస్తారట.

ప్రసూనాంబ వారంపాటు వేపాకు పొగ వేసింది. ఆమె దగ్గింది గానీ దోమలు కదల్లేదు.

ఇప్పుడు గేటు ముందు సైకిలు ఆగింది. ఆడవాళ్ళిద్దరూ గేటు దగ్గరికి వచ్చారు. ఖాకీ చొక్కా మనిషి. మోకాళ్ళ దాకా బురద. క్యారియర్ మీద ప్లాస్టిక్ డబ్బా, మూతికి తడిగుడ్డ.

"అమ్మా, ఒకసారి కుంట దగ్గరికి రానిస్తారా?"

"ఎందుకూ? పువ్వు చూడ్డానికా?" అన్నాడు భవానీప్రసాద్ వెటకారంగా.

"చూస్తానండి. ముందు ఇది పోసేసి..."

"విన్నారా టీచరుగారూ! పోస్తానని నోటితోనే చెబుతున్నాడు!"

"అది కాదండి, దీంట్లో..."

"దీంట్లో ఏముందో మాకు తెలుసులేవయ్యా!"

భవానీప్రసాద్ డబ్బా లాక్కున్నాడు. గుడ్డ పీకాడు. రోడ్డు పక్క మురిక్కాలవలో బోర్లించాడు. పచ్చటి నీళ్ళు బుడబుడమంటూ పడ్డాయి.

"అయ్యయ్యో! బతికున్నయ్యండీ!"

"ఆయిల్ బతికుందంట! విన్నావా రాగసుధా?"

ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

ఆ మనిషి కాలవ పక్కన గొంతుక్కూర్చున్నాడు. సబ్బునీళ్ళ బురదలో మోచేతుల దాకా చేతులు పెట్టి దేవుతున్నాడు.

"ఏరుకో, ఏరుకో. మీ ఆఫీసరుకి లెక్క చెప్పాలిగా!"

"చాల్లే ప్రసాదూ, ఆయన డబ్బా ఆయనకి ఇచ్చెయ్యి" అంది ప్రసూనాంబ.

అంతలో, పెరట్లోకి తిరిగి వెళ్ళిన రాగసుధ అరుపు.

"అక్కా! విచ్చుకుంది! పూర్తిగా విచ్చుకుంది! పరిగెత్తు!"

ఇద్దరూ పరిగెత్తారు.

గులాబీరంగు పువ్వు! అన్నం పళ్ళెమంత! మధ్యలో పసుప్పచ్చ బొడ్డు, చుట్టూ పుప్పొడి. అప్పుడే ఒక తేనెటీగ దిగింది.

రాగసుధ చప్పట్లు కొట్టింది. భవానీప్రసాద్ చెప్పులతోనే నీళ్ళలోకి దిగి, కెమెరా రీల్లో మిగిలిన ఫోటోలన్నీ దానికే తీశాడు. ప్రసూనాంబకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

"అక్కా, రెండో దుంప నాదే!"

"నువ్వు మొన్న లిల్లీ పట్టుకుపోయావుగా! ఇది నాది!"

"కొట్టుకోకండర్రా. ఇద్దరికీ ఇస్తా."

పులిహోర తిన్నారు. మళ్ళీ పువ్వు చూశారు. మళ్ళీ తిన్నారు. గేటు దగ్గర ఎవరూ లేరు.

పదకొండింటికి హెల్త్ ఇన్‌స్పెక్టర్ జీవరత్నం వచ్చాడు. చేతిలో ఫైలు, పొడుగు కాడ గరిటె. కుంటలో గరిటె ముంచి చూపించాడు. నీళ్ళలో దోమపిల్లలు గిలగిలా కదులుతున్నాయి.

"చేపలేవమ్మా?"

"ఏం చేపలండీ?"

"ఈ పురుగుల్ని తినే చిన్నచేపలు. పొద్దున్నే తెచ్చి వేస్తానన్నాడే సొలొమోను! కీసర దాకా సైకిలు తొక్కి మునేరు ఏట్లో పట్టుకొస్తానన్నాడు. చేపలుంటే పూడ్చనని నేనూ మాటిచ్చా. రాలేదా?"



ప్రసూనాంబ గేటు బయటికి నడిచింది. కాలవ గట్టు మీద వేలి గోరంత చేపలు ఏడెనిమిది వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"ఇంకొక్క రోజు ఆగండి సార్" అంది, లోపలికి తిరిగొచ్చి.

"ఇవాళ్టితో గడువు సరమ్మా. రేపు కూలీలొస్తారు. నా చేతుల్లో లేదు."

"చేపలు తెచ్చానని మీ స్టాఫ్ ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు భవానీప్రసాద్. "చెబితే మేమెందుకు పారబోస్తాం?"

"మా స్టాఫేంటి?"

జీవరత్నం ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. కుంట మీద వచ్చిన ఫిర్యాదు. దాని కింద కొత్త సిరాతో నాలుగు వరసలు.

"నా కూతురికి చలిజ్వరం వచ్చి ఈ కాగితం రాశాను. దోమలు పోవాలని రాశాను గానీ కుంట పోవాలని కాదు. ఆ మొగ్గ ఎప్పుడు పూస్తుందా అని జ్వరంలో కూడా మా పిల్ల అడుగుతూ ఉంది. చేపలు నేనే తెచ్చి వేస్తాను. దయచేసి పూడ్చవద్దు."

అడుగున సొలొమోను అని సంతకం, సంతకం కింద ఇంటి గుర్తు: ప్రసూనాంబ టీచరుగారి పెరటిగోడ అవతల, పదకొండేళ్ళుగా.