వినని మాట

మొదటి వాయిదా రోజు కోర్టు వరండాలో తెల్లగడ్డం పెద్దాయన బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

మొక్కల నర్సరీ ఆవిడ కూర్చోలేదు. ఆయన అవతలి వాళ్ళ కారులోంచి దిగడం ఇందాకే చూసింది.

మూడేళ్ళ కిందట స్థలం ఆసామి తన ఇంటి వసారాలో కూర్చోబెట్టి చెప్పాడు. "కాగితాలదేముందమ్మా, తీరిగ్గా రాసుకుందాం. స్థలం నీదే అనుకుని పని మొదలుపెట్టు."

మొదలుపెట్టింది. చేతి గాజులు అమ్మి బోరు వేయించింది. చుట్టూ కంచె వేసింది. తన చేత్తో రెండువేల మొక్కలకు అంట్లు కట్టింది.

కాగితం రాయకుండానే ఆసామి పోయాడు.

"మా నాన్న ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఖాళీ చెయ్యండి" అన్నాడు కొడుకు.

"మాట నమ్మి ఇంత ఖర్చు పెట్టారు కాబట్టి కేసు నిలబడుతుంది" అన్నాడు వకీలు. "కానీ ఆ మాట విన్నవాళ్ళు ఒక్కరైనా కావాలమ్మా."

"అప్పుడు ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు సార్."

రెండో వాయిదాకి పెద్దాయన నడిచొచ్చాడు. కాళ్ళనిండా దుమ్ము.

"అమ్మా, నీతో ఒక్క మాట."

"రాజీకి పంపించారా?"

"కాదమ్మా, నేను..."

"మాట నమ్మే ఈ మెట్లెక్కాను. ఇంకెవరి మాటా నాకొద్దు. వెళ్ళండి."

ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

మూడో వాయిదాకి రాలేదు. పీడ విరగడైందనుకుంది.

సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు.

"పై కోర్టుకెళ్దామా సార్?"

"అక్కడా ఇదే అడుగుతారు."

ఖాళీ చేసే రోజు. నేలలోకి వేళ్ళు దిగిన మొక్కలు లాగితే తెగిపోతున్నాయి. బతికేవి ఏరి వ్యానులో పెడుతోంది.

ఆసామి కోడలు గేటు దగ్గరకొచ్చి నిలబడింది.

"ఏమ్మా, ఇంకా తీసుకోడానికి ఏమైనా మిగిలిందా?" అంది నర్సరీ ఆవిడ.

"అది కాదక్కా. కోర్టు దగ్గర మా చిన్నమామయ్య మీతో ఏమైనా చెప్పాడా?"

"ఎవరు?"

"మా మామయ్య తమ్ముడు. తెల్లగడ్డం. మీ రెండో వాయిదా అయిన వారానికే చనిపోయాడు."

నర్సరీ ఆవిడ చేతిలో మొక్క కింద పెట్టి గేటు దగ్గరకొచ్చింది.

"నేనే మాట్లాడనివ్వలేదమ్మా. ఏం చెప్దామని వచ్చాడు?"

కోడలు ఒకసారి వెనక్కి చూసి గొంతు తగ్గించింది.

"మామయ్య మీకు మాటిచ్చిన రోజు కిటికీ అవతల మంచం మీద ఉండి అంతా విన్నాడట, అదే కోర్టులో చెప్తానన్నందుకు మొదటి వాయిదా రోజే మా ఆయన చిన్నమామయ్యని ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు."