షెడ్డులోకి పరిగెత్తిన మనిషి

వత్సవాయి పొలాల మీదుగా సుడిగాలి వెళ్ళిపోయాక, ఊరివాళ్ళు కూలిన షెడ్డు గోడ తొలగించి భార్యాభర్తలిద్దరినీ బయటికి తీశారు. రాఘవమ్మ బతికింది. రత్తయ్య ప్రాణం అప్పటికే పోయింది.

కల్లంలో ఎండబోసిన మిరపకాయలు చేలన్నిటా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"గాలి తగలకుండా ఎండిన కాలవలో నా పక్కనే పడుకున్నాడు," అంటూ పక్క చేను రైతు కళ్ళు తుడుచుకున్నాడు. "కదలమాక అన్నా వినలేదు. భయపడి షెడ్డులోకి పరిగెత్తాడు పిచ్చోడు."

రాఘవమ్మ భర్త తల ఒళ్ళోకి తీసుకుంది.

"భయపడింది ఆయన కాదన్నయ్యా, నేను. షెడ్డులోంచి కేకేశా. వచ్చి నా మీద బోర్లా పడుకున్నాడు. ఆ గాలి హోరులో నా కేక మీకు వినపడి ఉండదు. ఆయనకి వినపడింది."