బెల్లం కూర్చున్న చోటు

శ్రీకాకుళం బస్ కాంప్లెక్సులోకి బెల్లం అనే కుక్క వస్తే జనం బెదరడం మానేసి చాలా ఏళ్లయింది. రోగి బట్ట వాసన చూపిస్తే చాలు, ఎవరి ఎముక మూలుగ ఆ రోగికి సరిపోతుందో వారి ముందు వెళ్లి కూర్చుంటుంది. కండక్టరుకు టికెట్ చూపించినంత మామూలుగా అందరూ వాసన చూడమని బెల్లానికి చేతులు చాపుతారు.

ఆ రోజు గౌరీశ్వరి టెక్కలిలో జబ్బుపడ్డ ఒక పాపకు దాతను వెతకడానికి బెల్లాన్ని తీసుకుని వచ్చింది. సంచిలోంచి బట్ట ఉన్న డబ్బా తీసి, మూత ఓరగా తెరిచి దానికి వాసన చూపించింది. అరటిగెలల పక్కన నిలబడ్డ ఒకాయన ముందు బెల్లం కూర్చుంది.

“ఏటమ్మా, నా మూలుగేనా?” అతను నవ్వాడు. “మా ఇంటిది నన్ను దేనికీ పనికిరానోడంటాది. ఫోన్ సేసి సెప్పాల.”

గౌరీశ్వరి సంబరంగా డబ్బా పూర్తిగా తెరిచి, ఆగిపోయింది. లోపల ఉన్నది పాప తువ్వాలు కాదు, తన కొడుకు గళ్ల చొక్కా. రోగి పోతే బట్ట కాల్చెయ్యాలన్నది నియమం. వాడు పోయి ఎనిమిది నెలలైనా ఆమెకు చేతులు రాలేదు. రెండు డబ్బాలూ ఒకే సంచిలో మోస్తోంది.

అంతకు ముందు మూడేళ్లు ఈ మనిషి కోసమే ఆమె ఊరూరా తిరిగింది.

అతను ఆ చిన్న చొక్కా చూసి చెయ్యి చాపాడు. “రక్తం తీసుకోమ్మా. నా బస్సు పోతే పోనీ, పిల్లోడికి ఆలీసమైపోద్ది.”

“తొందరేం లేదు బాబూ,” అంది గౌరీశ్వరి.

అతని పేరు రాసుకుంది. తర్వాత పాప తువ్వాలున్న రెండో డబ్బా తెరిచి బెల్లం ముందు పెట్టింది.