వంకర లేని దుప్పటి

“ఈ లెన్సుకి పోగు పోగూ కనిపిస్తుందండీ,” అన్నాడు కలంకారీ మీద సినిమా తీయడానికి పెడన వచ్చిన అనిరుధ్.

“తియ్యండి బాబూ! మా ఇంట్లో చేత్తో అచ్చులద్దిన దుప్పటి. ఒక్క వంకర చూపించండి చూద్దాం!” మీసం దువ్వాడు పిచ్చేశ్వరరావు.

అనిరుధ్ కెమెరా తెరలోకి చాలాసేపు చూశాడు. “నిజమే, వంకర లేదు. చేత్తో అద్దితే అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు తెలియాలి. అదీ లేదు. మిషన్ ప్రింటు కదండీ?”

మీసం మీది చెయ్యి అక్కడే ఆగింది. భార్య అద్దిన దుప్పటికి వంక పెట్టి, పొద్దున్నే బజారు నుంచి ఇది తెచ్చింది తనే.

“ఇందిరా! ఆ దుప్పటి ఎక్కడ పెట్టావే?”

“ఏదండీ, మీరు విసిరికొట్టిన వంకరదా?” లోపల్నుంచి వినిపించింది.

పిచ్చేశ్వరరావు గొంతు తగ్గించాడు.

“అదేనే... ఆ మంచిది.”