అవతలి ఒడ్డుకు చెయ్యూపిన పండగ

ఈరోజు ప్రపంచంలోని అజర్‌బైజానీలందరి ఐక్యతా దినం. సరిహద్దు వంతెన మూసి ఏళ్లయింది. అయినా ఇరాన్‌కూ మాకూ సరిహద్దైన ఆరాజ్ నది ఒడ్డున, కెమెరా ముందు, ఐక్యత మీద ప్రసంగించమని ఊరి ముల్లానైన నన్ను పిలిచారు. మామూలు రోజుల్లో ఆ కంచె దగ్గరికి ఎవరినీ రానివ్వరు. అవతలి ఒడ్డున చెల్లెలున్న బెనోవ్షాను కూడా తీసుకొచ్చారు.

"చెల్లెలు కనబడగానే నవ్వుతూ చెయ్యూపు పిన్నీ. ఏడుపు ముఖం పెట్టకు, పండగ," అన్నాడు పండగ జరిపిస్తున్న అధికారి.

"ఊపుతాలే నాయనా. దాన్ని చూసేదాకా నన్ను ఇక్కణ్ణుంచి కదిలించకు, అంతే."

రక్తబంధాన్ని తెంచినవాడు దేవుడికి జవాబు చెప్పి తీరాలని నేను గొంతెత్తాను.

"ముల్లాగారూ, నాలుగు తీపి మాటలు చెప్పండి," అన్నాడు అధికారి. " నరకం సంగతి రేపు చూద్దాం."

అంతలో అవతల జనం భుజాల మీద ఏదో మోసుకుంటూ నీటి అంచు దాకా వచ్చి ఆగారు. బెనోవ్షా చెయ్యెత్తింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు.

"మీ చెల్లెలేది పిన్నీ? ఆమెనూ ఊపమను."

"అదింక ఊపలేదు నాయనా. ఆ భుజాల మీదున్నది అదే. పొద్దున వంతెన దాటనివ్వమని అడిగితే, పండగ, ఆఫీసుకు సెలవన్నారు. అందుకే పూడ్చేముందు ఒక్కసారి ఏటిదాకా తెమ్మన్నాను."

నేను పోయినవాళ్ల కోసం చదివే ఫాతిహా మొదలుపెట్టాను. అధికారి కెమెరామన్ వైపు వంగాడు.

"అంత దూరం నుంచి పాడె అని తెలియదులే. ఆ దృశ్యం ఉంచెయ్."